బ్యాండు మాస్టారి భుజం మీద చుక్కలు

భారత సైన్యంలో ఒకే రోజు నలుగురు చేరారనుకుందాం. ఒకాయన పండితుడు. ఇంకొకాయన హోటల్ మేనేజ్‌మెంటు డిప్లొమా ఉన్న వంటల నిపుణుడు. మూడో మనిషి పతకాలు గెలిచిన క్రీడాకారుడు. నాలుగో మనిషి క్లారినెట్ వాయిస్తాడు. మొదటి ఇద్దరూ నేరుగా నాయబ్ సుబేదార్లవుతారు. అంటే జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్, జవాన్లు ‘సాబ్’ అని పిలిచే హోదా. మూడో మనిషి ఆడిన పోటీల స్థాయిని బట్టి హవల్దారుగానో, నాయబ్ సుబేదారుగానో చేరొచ్చు. 2016లో నీరజ్ చోప్రా చేరింది నాయబ్ సుబేదారుగానే. నాలుగో మనిషి మాత్రం అందరికంటే కింది మెట్టు మీద నిలబడాలి.

ఎందుకలా? ఈ ప్రశ్న వేస్తే చాలామంది దాన్ని తిరగేసి మనకే అప్పజెబుతారు: “బూరా ఊదేవాడికి పెద్ద హోదా ఎందుకండీ?” అని. సాహిత్య పత్రికలో సైన్యం నియామకాల గొడవేమిటని అడిగేవాళ్లూ ఉంటారు. నాకైతే ఇది విమర్శకులు పట్టించుకోవాల్సిన విషయమే అనిపిస్తుంది. కళాకారుణ్ని గౌరవిస్తున్నామని మనం సభల్లో చెప్పుకుంటాం, శాలువా కప్పుతాం, ఫోటో దిగుతాం. ఆ గౌరవం ఎంతో కొలవడానికి కొలబద్ద ఉండదు. సైన్యంలో ఉంటుంది. అక్కడ ప్రతి పనికీ ఇంత అని లెక్క ఉంటుంది, ఆ లెక్క చొక్కా చేతి మీద కుట్టి ఉంటుంది. ఒక సమాజం సంగీతానికి ఎంత విలువ కడుతుందో మొహమాటం లేకుండా చూడాలంటే ఇంతకంటే మంచి చోటు లేదు.

ముందు ఆ లెక్క చూద్దాం. ఏడో వేతన సంఘం ప్రకారం సిపాయికి మొదటి మూలవేతనం 21,700 రూపాయలు, హవల్దారుకి 29,200, నాయబ్ సుబేదారుకి 35,400. 2022 జూన్‌లో అగ్నిపథ్ వచ్చాక కింది మెట్టు ఇంకాస్త కిందికి దిగింది. అగ్నివీరుడిది నాలుగేళ్ల ఉద్యోగం, మొదటి ఏడాది నెలకి 30,000, అందులో చేతికొచ్చేది 21,000. నాలుగేళ్లయ్యాక నూటికి పాతికమందికి మించి ఉంచుకోరు. వాయుసేన ఇప్పుడు వాద్యకారుల్ని తీసుకుంటున్నది ‘అగ్నివీర్‌వాయు మ్యుజీషియన్’గా. నౌకాదళంలోనూ వాద్యకారుడు చేరేది మెట్రిక్ రిక్రూట్ వరసలోనే. విశాఖ బీచ్‌రోడ్డులో డిసెంబరు 4న నేవీ డే చూడ్డానికి వెళ్లిన మనలో ఎంతమందిమి ఆ తూర్పు నౌకాదళం బ్యాండు ముందు నిలబడి చప్పట్లు కొట్టలేదు! ఆ తెల్ల యూనిఫాంలు ఏ మెట్టు మీద మొదలయ్యాయో మనకి తట్టదు.

ఈ పద్ధతి ఊరికే పుట్టలేదు. బ్రిటిష్ పలటాలంలో బ్యాండుకి మనుషుల్ని బయటనుంచి కళాకారులుగా తెచ్చుకోవడం తక్కువ. ‘బ్యాండ్ బాయ్’ అని పిల్లల్ని చేర్చుకునేవాళ్లు. సిపాయిల పిల్లలు, అనాథలు. వాళ్లకి బూరా పట్టుకోవడం దగ్గర్నుంచి అన్నీ పలటమే నేర్పేది. అలా నేర్చుకున్నవాడు పలటం తయారు చేసిన మనిషి. సున్నా దగ్గర మొదలైనవాడు సున్నా హోదా దగ్గర మొదలవడంలో తప్పేమీ లేదు. స్వాతంత్ర్యం తర్వాత 1950లో మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీలో సైనిక సంగీత శిక్షణ మొదలైంది. ఇప్పుడది ఆర్మీ ఎడ్యుకేషన్ కోర్ కింద నడుస్తోంది. మొదట సిపాయి, తర్వాత పచ్‌మఢీ, ఆ తర్వాత బ్యాండు. ఈ వరసలో వచ్చినవాడికి ఈ పద్ధతి న్యాయమే.

తిరకాసు ఎక్కడుందంటే, బయట నేర్చుకుని వచ్చేవాడి దగ్గర. వాయుసేన వాద్యకారుల ఎంపికకి పదో తరగతి చాలు, కానీ వాద్యం వాయించి చూపించాలి. అది రాకపోతే ఇంటికి పంపిస్తారు. అంటే విద్య చేతిలో ఉండి తీరాలి, అది సంస్థ నేర్పేది కాదు. అంత గట్టిగా అడిగిన విద్యని హోదా రాసే దగ్గరికొచ్చేసరికి లెక్కలోకి తీసుకోరు. వాద్యం రానివాడు ఏ మెట్టు మీద చేరతాడో, పదేళ్లు సాధన చేసినవాడూ ఆ మెట్టు మీదే చేరతాడు. అర్హతగా అడుగుతారు, అనుభవంగా లెక్కించరు. నా అభ్యంతరమంతా ఈ ఒక్క మాటలో ఉంది.

అదే ఎడ్యుకేషన్ కోర్ పట్టభద్రుణ్ని పాఠాలు చెప్పడానికి తీసుకుంటే నేరుగా హవల్దారుని చేస్తుంది. సంగీతం నేర్పే బడిని నడిపేదీ ఆ కోరే. లెక్కలో డిగ్రీ తెచ్చుకున్నవాడికి మూడు పట్టీలు, రాగం తెచ్చుకున్నవాడికి ఏమీ లేవు.

వయసు సంగతి ఇంకా చిత్రంగా ఉంటుంది. మతబోధకుడిగా చేరేవాడికి ముప్పై దాటినా ఫరవాలేదు, ఎందుకంటే శాస్త్రం చదువుకోవడానికి ఏళ్లు పడతాయని సైన్యానికి తెలుసు. అగ్నివీరుడికి పదిహేడున్నర నుంచి ఇరవై ఒకటి లోపు ఉండాలి. ఇరవై ఒకటికి సన్నాయిలో చెయ్యి తిరగడం అంటే ఏడెనిమిదేళ్లప్పుడు మొదలుపెట్టి ఉండాలి. ఈ దేశంలో ఆ వయసులో మొదలుపెట్టే పిల్లలు ఎవరు? వాద్యం కులవృత్తిగా ఉన్న ఇళ్లల్లో పిల్లలు.

మాది నూజివీడు వైపు. ట్రిపుల్ ఐటీలో చదువుకున్నదీ అక్కడే. ఇప్పుడు హైదరాబాదులో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం. మా ప్రాంతంలో బంగినపల్లి కోతలూ పెళ్లి ముహూర్తాలూ ఒకేసారి వస్తాయి. వైశాఖంలో ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి రోడ్ల మీద పగలంతా మామిడికాయల లారీలు, రాత్రయితే ఊరేగింపులు. మా ఊరి పెళ్లిళ్లలో బ్యాండు మాస్టారి కోటు చూసి తీరాలి. ఎర్ర కోటు, జరీ అంచు, నెత్తిన టోపీ, భుజాల మీద కుచ్చులు, చుక్కలు. అన్ని చుక్కలు ఏ కల్నలుకీ ఉండవు. ఎప్పుడో కంటోన్మెంటులో కవాతు చూసిన వాళ్ల దగ్గర్నుంచి ఊరూరా పాకిన వేషం అది. సైన్యం ఇవ్వని హోదాని వాళ్లు దర్జీ చేత కుట్టించుకున్నారు. ఆ చుక్కలు ఊరేగింపు విడిది గుమ్మం దాకే. భోజనాల దగ్గరికొచ్చేసరికి కల్నలుగారు బంతి లేచేదాకా బయట డ్రమ్ము మీద కూర్చుని ఉంటాడు.

అలాంటి మాస్టారు ఒకాయనతో రెండేళ్ల క్రితం మాట్లాడాను. వాళ్లది మూడు తరాలుగా సన్నాయి ఇల్లు, ఈయన దగ్గరికొచ్చేసరికి క్లారినెట్టు, ట్రంపెట్టు కూడా చేరాయి. కొడుకుని వాయుసేన ఎంపికకి పంపుదామని ఫారం నింపించడానికి వచ్చాడు.

“వీడికి పంతొమ్మిదండీ బాబూ. ఎనిమిదో ఏట నుంచీ ఊదుతున్నాడు. అక్కడ చేరితే ఇవాళే పుట్టినట్టు లెక్కంట గదా?” అన్నాడు.

“అందరికీ అంతే మాస్టారూ, నాలుగేళ్లు చేశాక కొందర్ని ఉంచుతారు,” అన్నాను.

“మరి నాలుగేళ్లయ్యాక పంపించేస్తే, మళ్లీ ఈ కోటేగా,” అన్నాడు నవ్వుతూ.

ఆయన పెద్ద హోదా ఏమీ అడగలేదు. కొడుకు నేర్చుకున్న పదకొండేళ్లూ ఎక్కడో ఒకచోట రాసి ఉండాలని మాత్రమే ఆయన బాధ. ఈ మాట మామిడి రైతుకి వెంటనే అర్థమవుతుంది. కడియం నర్సరీలో టెంక నుంచి మొలిచిన మొక్క ధర వేరు, అంటు మొక్క ధర వేరు. అంటు త్వరగా కాపుకొస్తుంది, ఎందుకంటే దానికి కట్టిన కొమ్మ అప్పటికే కాసిన చెట్టుది. రైతు ఆ గడిచిన ఏళ్లకి డబ్బు కడతాడు. టెంక ధరకే అంటు ఇమ్మని అడిగేవాణ్ని నర్సరీవాడు బేరానికి కూడా నిలవనివ్వడు. మా ఇంజనీరింగులోనూ ఇంతే. మూడేళ్లు పాలిటెక్నిక్ చదివినవాడు ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో కూర్చుంటాడు. వాణ్ని మొదటి ఏడాదిలో కూర్చోబెట్టడం క్రమశిక్షణ అని ఎవరూ అనరు.

సంగీతంలో ఇలాంటి ఏర్పాటు కుదరదనేవాళ్లకి తెలుగునాట గొప్ప జవాబు ఒకటుంది. ద్వారం వెంకటస్వామి నాయుడుగారిది సైనికుడి ఇల్లు. 1893లో బెంగుళూరులో పుట్టారు, తండ్రి సైన్యంలో పనిచేసి విశాఖలో స్థిరపడ్డారు. కంటిచూపు సరిగా లేని ఈ పిల్లవాడికి వయొలిన్ నేర్పింది అన్నగారు, రైల్వే ఉద్యోగి. 1919లో విజయనగరంలో మహారాజా సంగీత కళాశాల పెట్టారు, ఆదిభట్ల నారాయణదాసుగారు ప్రిన్సిపాలు. అక్కడ విద్యార్థిగా చేరదామని ద్వారం వెళ్తే, ఆయన వాయిద్యం విని, నువ్వు కూర్చోవాల్సింది ఈ వైపు కాదు ఆ వైపని ఆచార్యుణ్ని చేశారని చెబుతారు. అప్పటికి ఆయనకి పాతికేళ్లు దాటి ఎన్నాళ్లో కాలేదు. చేతిలో పట్టా లేదు. 1936లో అదే కళాశాలకి ప్రిన్సిపాలయ్యారు, 1941లో మద్రాసు అకాడమీ సంగీత కళానిధి ఇచ్చింది, 1957లో పద్మశ్రీ వచ్చింది.

ఈ కథని మనం ద్వారంగారి గొప్పదనం చెప్పడానికే వాడుకుంటాం. నాకు మాత్రం ఆ సంస్థ గొప్పదనమే ఎక్కువ కనిపిస్తుంది. అడ్మిషన్ అడిగినవాడికి అడ్మిషన్ ఇచ్చి పంపేస్తే ఎవరూ తప్పు పట్టేవాళ్లు కాదు. నిబంధన ప్రకారం అదే సరైనది. వినడం అనే పని ఒకటి చేశారు కాబట్టి విద్యార్థి ఆచార్యుడయ్యాడు. వాయుసేనలోనూ వింటారు, పరీక్ష పెట్టి మరీ వింటారు. విన్నదాన్ని కాగితం మీద రాయడానికి గడి లేదు.

అసలు ద్వారంగారి చేతిలో ఉన్న వయొలిన్ మనదాకా వచ్చిన దారి చూడండి. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసు సెయింట్ జార్జి కోట బ్యాండుకి చెందిన ఒక యూరోపియన్ దగ్గర దాన్ని నేర్చుకున్నారని చెబుతారు. ఆ బ్యాండు వరసలు విన్న అన్నగారు వాటికి సంస్కృత సాహిత్యం కట్టారు. అవే నొట్టుస్వరాలు. బ్రిటిష్ రాజగీతం వరసకి కట్టినది కూడా అందులో ఉంది. ఒక సైనిక బ్యాండు కర్ణాటక సంగీతానికి ఇచ్చినది ఇంతింత కాదు. బాలుస్వామి ఎట్టయాపురం ఆస్థాన విద్వాంసుడయ్యాడు. ఆయనకి నేర్పినవాడి ప్రస్తావన వచ్చినప్పుడు మాత్రం సాధారణంగా ‘ఒక యూరోపియన్ వాద్యకారుడు’ అని రాసి ఊరుకుంటాం. బ్యాండువాడి పేరు అడిగే అలవాటు మనకి మొదట్నుంచీ తక్కువే.

ఇంతవరకూ ఒకవైపు వాదన. రెండో వైపున నిలబడి మాట్లాడేవాడు నాకు తెలుసు. అతను మిలటరీ మాధవరం వైపువాడు అనుకోండి. తాడేపల్లిగూడెం దగ్గర ఆ ఊళ్లో ఇంటింటికీ ఒక సైనికుడు ఉంటాడని పేరు. మంచులో, ఎండలో ఏళ్ల తరబడి కాపలా కాసి, పరీక్షలు పాసై, ఖాళీ వచ్చేదాకా ఆగి, మూడు పట్టీలు కుట్టించుకున్నవాడు. నిన్నగాక మొన్న వచ్చిన కుర్రాడు క్లారినెట్టు వాయించి అవే మూడు పట్టీలు తీసుకుంటే అతనికి మండదా? మండుతుంది. ఆ మంటని అసూయ అని తీసిపారేయకూడదు. హోదా అంటే అతని దృష్టిలో జీతం కాదు, పక్కవాడి ప్రాణానికి పూచీ. ఆజ్ఞ ఇవ్వడం, ఇచ్చిన ఆజ్ఞకి జవాబు చెప్పుకోవడం. క్లారినెట్టు ఎంత బాగా వాయించినా ఆ పూచీ నేర్పదు. ఇది నిజం.

అయితే పూచీకీ హోదాకీ ఉన్న ముడిని సైన్యం తనే ఎప్పుడో సడలించింది. నాయబ్ సుబేదారుగా చేరిన పండితుడు, మౌల్వీ, గ్రంథి, పాద్రీ దాడికి ఎవర్నీ నడిపించరు. జావెలిన్ విసిరే చెయ్యి ప్లాటూన్‌ని నడిపించాలని ఎవరూ పట్టుబట్టలేదు. వాళ్ల విద్యని గౌరవించడానికి సైన్యం దగ్గర ఉన్న ఒకే భాష హోదా కాబట్టి ఆ భాషలోనే గౌరవించింది. పూచీ వాదన సరైనదైతే నలుగురికీ వర్తించాలి. వాద్యకారుడి దగ్గర మాత్రమే గుర్తొచ్చే సూత్రాన్ని సూత్రమని ఎలా ఒప్పుకుంటాం?

పైగా బ్యాండువాడికి పూచీ లేదనడం కూడా తప్పు. మన సైన్యంలో యుద్ధం వస్తే బ్యాండువాళ్లు వాద్యాలు పక్కనపెట్టి స్ట్రెచర్లు పట్టుకుంటారు. గాయపడ్డవాణ్ని కాల్పుల మధ్యనుంచి మోసుకొచ్చే పని అది. శాంతికాలంలో ఊపిరితిత్తులు, యుద్ధకాలంలో భుజాలు, రెండూ ఇచ్చేవాడికి ఒక్క పని జీతమే ముడుతోంది.

అమెరికావాళ్లు దీన్ని ఇంకోలా తేల్చారు. వాషింగ్టన్‌లోని మెరీన్ బ్యాండుకి ఆడిషన్‌లో నెగ్గినవాడు నేరుగా స్టాఫ్ సార్జెంటుగా చేరతాడు, బూట్‌క్యాంపు శిక్షణ కూడా ఉండదు. జాన్ ఫిలిప్ సూజా 1880 నుంచి 1892 దాకా నడిపిన బ్యాండు అదే. నాకు ఆ పద్ధతి సగమే నచ్చింది. హోదా ఇవ్వడం బాగుంది, శిక్షణ మినహాయించడం బాలేదు. ఆ బ్యాండు పని సంగీతం ఒక్కటే కాబట్టి అక్కడ చెల్లుతుంది. మన దగ్గర స్ట్రెచరు కూడా ఉంది. అందరితో పాటు బురదలో పాకి, బరువు మోసి, తుపాకీ శుభ్రం చేసి, ఆ తర్వాత మూడు పట్టీలు కుట్టించుకుంటే మాధవరం మనిషి మంట కూడా సగం చల్లారుతుంది.

మన చరిత్రలోనూ దారి లేకపోలేదు. గోర్ఖా పలటంలో బ్యాండ్ బాయ్‌గా చేరిన రామ్ సింగ్ ఠాకురీ ఆజాద్ హింద్ ఫౌజుకి పాటలు కట్టాడు. దేశం ఆయన్ని కెప్టెన్ రామ్ సింగ్ అనే గుర్తుపెట్టుకుంది. స్వాతంత్ర్యం తర్వాత ఉత్తరప్రదేశ్ సాయుధ పోలీసు బ్యాండులోకి ఆయన్ని తీసుకున్నది కానిస్టేబుల్‌గా కాదు, సబ్‌ఇన్‌స్పెక్టర్‌గా. తెచ్చుకున్న విద్యని లెక్కేసి హోదా ఇస్తే ఏ క్రమశిక్షణా కూలిపోలేదు.

ఇప్పుడు జనవరి 29 సాయంత్రం ఢిల్లీ విజయ్ చౌక్‌లో జరిగే బీటింగ్ రిట్రీట్‌ని ఈ వెలుగులో చూడండి. దాని గురించి మనం రాసేదంతా పాటల గురించే. 2016లో సితార్, సంతూర్, తబలా వచ్చి చేరాయి. 2022లో ‘అబైడ్ విత్ మి’ తీసేశారు, ‘యే మేరే వతన్ కే లోగో’ పెట్టారు. ఒక వర్గం బాధపడింది, ఒక వర్గం పండగ చేసుకుంది. ఏ వరస బ్రిటిషువాడిది, ఏ వరస మనది అని అంత పట్టింపుగా వాదించుకున్నవాళ్లం, ఆ వరసలు ఊదే మనిషిని చేర్చుకునే పద్ధతి ఎవరిదని అడగలేదు. బ్యాండ్ బాయ్ కాలం నాటి లెక్క అలాగే ఉంది. పాట దేశీయమైంది, మెట్టు మాత్రం పాతది. ఆ ప్రదర్శన నాకూ ఇష్టమే. సూర్యాస్తమయం వేళ అన్ని బ్యాండులూ ఒక్క ఊపిరిగా కదలడం చూస్తే ఒళ్లు గగుర్పొడుస్తుంది. అంత చూశాక కూడా ఊదినవాళ్ల గురించి ఒక్క ప్రశ్న రాకపోతే మన రసికత్వం చెవుల దగ్గరే ఆగిపోయినట్టు.

తెలుగు సినిమా ఈమధ్య బ్యాండువాణ్ని చూసింది. 2024లో వచ్చిన ‘అంబాజీపేట మ్యారేజి బ్యాండు’ పేరులోనే బ్యాండుని పెట్టుకుంది. అవమానం, ఆత్మగౌరవం గురించి నిజాయితీగా మాట్లాడిన సినిమా. దాని బలం అక్కాతమ్ముళ్ల కథలో ఉంది. నాకు మిగిలిన వెలితి ఒకటే. ఆ కుర్రాళ్లు మనుషులుగా గౌరవం కోసం పోరాడతారు, బాగుంది. వాద్యకారులుగా వాళ్లకి ఏమి వచ్చు, దానికెంత కాలం పట్టింది, ఆ పనిలో మంచీ చెడూ ఏమిటన్నది కథకి అంతగా అక్కరలేకపోయింది. బ్యాండువాడి మీద జాలిపడటం మనకి తెలుసు, అతని పనిని అంచనా కట్టడం రాదు. నూజివీడులో పనసకర్రతో వీణలు చేసే పనివాళ్ల గురించి రాసేటప్పుడూ ఇంతే, కళ అంతరించిపోతోందని కన్నీరు పెడతాం, ఆ వీణ నాదం ఎలా ఉందో రాయం. జాలి చవక. అంచనాకి వినాలి, పోల్చాలి, ఒక అంకె వెయ్యాలి.

కాబట్టి నేను వేసే అంకె ఇది. సైన్యంలో సంగీతం నేర్చుకునేవాడు సిపాయిగానే మొదలవ్వాలి. నేర్చుకుని వచ్చినవాడికి కఠినమైన ఆడిషన్ పెట్టాలి, అందులో సన్నాయికీ డోలుకీ క్లారినెట్టుతో సమానంగా చెవి ఇవ్వాలి. నెగ్గినవాణ్ని సైనిక శిక్షణ పూర్తయ్యాక హవల్దారుని చెయ్యాలి. వయసు పరిమితి ఇంకో ఐదారేళ్లు సడలించాలి. నాయబ్ సుబేదారు ఇవ్వమని నేను అడగను. అక్కడినుంచి బ్యాండుని నడిపించడం, మనుషుల్ని చూసుకోవడం మొదలవుతుంది, అది లోపల సంపాదించుకోవాల్సిందే. పండితుడికి ఇస్తున్నారు కదా అంటే, అది ఎక్కువిచ్చారేమోనని ఆలోచించుకోవాల్సింది సైన్యం.

హవల్దారు అంటే సిపాయి కంటే మూలవేతనంలో 7,500 తేడా. సైన్యం బడ్జెట్టులో అది లెక్కలోకి రాని మొత్తం. ఎనిమిదో ఏట సన్నాయి పట్టుకున్న కుర్రాడికి మాత్రం అది పదకొండేళ్లకి రసీదు. తెచ్చుకున్నదానికి మూడు పట్టీలు ఇచ్చి, ఆ పైన ఏం కావాలన్నా అందరితో పాటు వరసలో నిలబడమంటే సరిపోతుంది.